పక్కన నడిచే పెద్దవాళ్లు
(కుటుంబమంతా కలిసి ఆరుబయట గడపడం గురించి సలీం అలీ స్మారకోపన్యాసం)



సలీం అలీ గురించి ఎవరు మాట్లాడినా ఒక పిచ్చుకతో మొదలుపెడతారు. బొంబాయిలో పెరిగిన ఆ కుర్రాడు చిన్న ఎయిర్‌గన్‌తో ఒక పిచ్చుకను కొట్టాడు. చేతిలోకి తీసుకుని చూస్తే దాని గొంతు మీద పసుపు మచ్చ ఉంది. ఇళ్ల చూరుల్లో తిరిగే పిచ్చుకలకు అలాంటి మచ్చ ఉండదు. అదేమిటని మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీని అడిగాడు. ఆయనకూ తెలియలేదు. తెలియదని ఊరుకోకుండా, ఉత్తరం రాసిచ్చి పిల్లవాణ్ణి బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపాడు. అక్కడి కార్యదర్శి డబ్ల్యు.ఎస్. మిలార్డ్ 1908లో ఆ పిల్లవాడికి సొరుగులు తెరిచి, భద్రపరచిన పక్షుల్ని ఒక్కొక్కటిగా చూపించాడు. భారతదేశపు పక్షి శాస్త్రంలో అతి పెద్ద పేరు ఆ గదిలోంచే బయటికి వచ్చింది.

ఈ కథ చెప్పేవాళ్లు ఎక్కువగా మిలార్డ్‌ను తలచుకుంటారు. మేనమామను కూడా అంతే గౌరవంగా తలచుకోవాలి. సలీం అలీకి ఏడాది నిండేసరికి తండ్రి లేడు, మూడేళ్లకు తల్లి లేదు. మేనమామ ఇంట్లో, అన్నలూ అక్కల మధ్య పెరిగాడు. వేటకూ షికారుకూ పిల్లల్ని వెంట తీసుకెళ్లే ఇల్లు అది. ఆ ఇంట్లో పిల్లవాడి ప్రశ్నకు విలువ ఉండేది. ఆ ప్రశ్న వినడానికి ఒక పెద్దమనిషికి తీరిక కూడా ఉండేది.

తెలుగు నేలతో ఆయన అనుబంధమూ కుటుంబంతో కలిసి నడిచినదే. 1931-32లో నిజాం రాజ్యంలోని పక్షులన్నిటినీ సర్వే చేసే పని సలీం అలీ చేపట్టాడు. సంస్థానాల్లో ఆయన చేసిన సర్వేల వరసలో మొదటిది ఇదే. ఆ గుడారాల బతుకులో భార్య తెహ్మీనా ఆయన వెంట ఉంది. ఇంగ్లండులో చదువుకుని, సుఖంగా పెరిగిన ఆమె అడవి మకాములకు అలవాటుపడి, వాటిని చక్కబెట్టింది. ఆ సర్వే వివరాలు 1933, 34 సంవత్సరాల్లో సొసైటీ పత్రికలో అచ్చయ్యాయి. తెలంగాణ పక్షుల గురించి రాసేవాళ్లు ఇప్పటికీ ముందుగా తిరగేసేది ఆ పుటలనే.

ఈ ఉపన్యాసం చెప్పదలచుకున్నది ఒక్కటే. పిల్లలకు ఆరుబయలు కావాలి, దాంతోపాటు అక్కడ పక్కన నడిచే పెద్దవాళ్లూ కావాలి. ఆ ఇద్దరూ నడిచి వెళ్లగలిగేంత దగ్గరలో ఒక చోటు ఉండాలి. ఈ మూడింటిలో ఏది లోపించినా మిగతా రెండూ పూర్తి ఫలితం ఇవ్వవు.

కంటికి కావలసిన వెలుగు

మొదట కళ్ల సంగతి చూద్దాం. పిల్లలు ఆరుబయట గడిపితే ఏమవుతుందనే ప్రశ్నకు అన్నిటికన్నా గట్టి రుజువులు దొరికింది ఇక్కడే.

దగ్గరివి కనిపించి దూరానివి మసకబారే హ్రస్వదృష్టి ప్రపంచమంతటా పెరుగుతోంది. 2050 నాటికి ప్రపంచ జనాభాలో దాదాపు సగం మందికి ఇది ఉండవచ్చని 2016లో వెలువడిన ఒక పెద్ద అంచనా చెప్పింది. బడిలో వెనక బెంచీ పిల్లవాడు బోర్డు మీది అంకెలు పక్కవాడి నోట్సు చూసి రాసుకుంటున్నాడంటే చాలాసార్లు కారణం ఇదే. "పుస్తకాలు ఎక్కువ చదివితే కళ్లు పోతాయి", "తల్లిదండ్రులకు ఉంటే పిల్లలకు వస్తుంది" అని ఇళ్లలో అనుకుంటారు. రెండింటిలోనూ కొంత నిజం ఉంది. అయితే 2008లో వచ్చిన ఒక పరిశోధన ఇంకో సంగతి బయటపెట్టింది.

ఆస్ట్రేలియాకు చెందిన క్యాథరిన్ రోజ్, ఆమె సహచరులు చైనా సంతతికే చెందిన ఆరేడేళ్ల పిల్లలను రెండు నగరాల్లో పరిశీలించారు. సింగపూర్ పిల్లల్లో 29.1 శాతం మందికి హ్రస్వదృష్టి ఉంది. సిడ్నీలో ఉన్నవాళ్లలో అది 3.3 శాతమే. తల్లిదండ్రుల్లో కనీసం ఒకరికి హ్రస్వదృష్టి ఉన్న పిల్లల శాతం రెండు చోట్లా ఇంచుమించు సమానం. పుస్తకాలు ఎక్కువ చదివింది కూడా సిడ్నీ పిల్లలే. కొట్టొచ్చినట్టు కనిపించిన తేడా ఆరుబయట గడిపిన సమయంలో ఉంది. సిడ్నీ పిల్లలు వారానికి సుమారు 13.75 గంటలు బయట గడిపితే, సింగపూర్ పిల్లలు గడిపింది 3.05 గంటలు.

ఇలాంటి పోలికతోనే కారణం తేలిపోదు, పరీక్షించి చూడాలి. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో 12 ప్రాథమిక పాఠశాలల్లో ఆ పని చేశారు. ఆరు బళ్లలో ఒకటో తరగతి పిల్లలకు రోజూ 40 నిమిషాల ఆరుబయటి పీరియడు అదనంగా పెట్టారు. సాయంత్రాలు, సెలవు రోజుల్లో పిల్లల్ని బయటికి తీసుకెళ్లమని తల్లిదండ్రులకూ చెప్పారు. మిగతా ఆరు బళ్లలో ఏ మార్పూ చేయలేదు. మూడేళ్ల తర్వాత చూస్తే, మార్పు లేని బళ్లలో 39.5 శాతం పిల్లలకు కొత్తగా హ్రస్వదృష్టి వచ్చింది. ఆరుబయటి పీరియడు ఉన్న బళ్లలో అది 30.4 శాతం. ఫలితాలు 2015లో వెలువడ్డాయి. మందూ లేదు, యంత్రమూ లేదు, ఖర్చైంది రోజుకు 40 నిమిషాలు.

తైవాన్ ఇంకా ముందుకు వెళ్లింది. బడి పిల్లలు రోజుకు 120 నిమిషాలు ఆరుబయట ఉండాలని 2010లో దేశమంతటా కార్యక్రమం మొదలుపెట్టింది. అంతకుముందు ఏటేటా పెరుగుతూ వచ్చిన చూపు మందగించిన పిల్లల శాతం ఆ తర్వాత తగ్గుముఖం పట్టింది.

ఇది ఎలా జరుగుతుంది? ట్యూబులైటు వెలిగించిన గదిలో వెలుతురు మూడు నాలుగు వందల లక్స్ ఉంటుంది. చెట్టు నీడన కూర్చున్నా అది వేలల్లోకి వెళుతుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో లక్ష లక్స్ దాకా చేరుతుంది. గదికీ బయటికీ ఉన్న తేడాకు మన కళ్లు సర్దుకుపోతాయి కాబట్టి అది అంత పెద్దదని మనకు తెలియదు. ప్రకాశవంతమైన వెలుగు పడినప్పుడు కంటి లోపలి పొర డోపమైన్‌ను ఎక్కువగా విడుదల చేస్తుందనీ, పెరిగే వయసులో కనుగుడ్డు అవసరానికి మించి పొడవు సాగకుండా అది ఆపుతుందనీ శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. అంటే పిల్లలు మాడే ఎండలో నిలబడాల్సిన పని లేదు, వేపచెట్టు నీడా పనిచేస్తుంది. సూర్యుణ్ణి నేరుగా చూడడం మాత్రం ఎప్పుడూ ప్రమాదమే. ఇంకో సంగతి: ఆరుబయటి వెలుగు హ్రస్వదృష్టి రాకుండా ఆపడంలోనే ఎక్కువగా సాయపడుతుంది. వచ్చాక దాన్ని వెనక్కి తిప్పదు. ఇప్పటికే అద్దాలు పెట్టుకున్న పిల్లలకు అద్దాలు కావాల్సిందే, ఏడాదికోసారి కంటి పరీక్ష చేయించాల్సిందే.

ఎండా, ఎముకా

ఎండ చేసే మేలు మరొకటి ఉంది, క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. సూర్యకాంతిలోని ఒక రకం అతినీలలోహిత కిరణాలు చర్మం మీద పడినప్పుడు శరీరం విటమిన్ డి తయారుచేసుకుంటుంది. ఏడాది పొడవునా ఎండ కాసే దేశంలో ఈ లోటు ఉండకూడదు. కానీ 2016-18 మధ్య జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వే ప్రకారం 1 నుంచి 4 ఏళ్ల పిల్లల్లో 14 శాతం, 5 నుంచి 9 ఏళ్ల వాళ్లలో 18 శాతం, 10 నుంచి 19 ఏళ్ల వాళ్లలో 24 శాతం మందికి విటమిన్ డి లోపం ఉంది. వయసు పెరిగేకొద్దీ లోటు పెరుగుతోంది. పదేళ్లు దాటాక పిల్లలు ట్యూషన్లకూ, స్టడీ అవర్లకూ, ఆడపిల్లలైతే నాలుగు గోడలకూ పరిమితమయ్యే వయసు కూడా అదే.

ఈ విటమిన్‌కు పనికొచ్చే కిరణాలు పొద్దున్నే, సాయంత్రం చాలా తక్కువ. అవి ఎక్కువగా ఉండేది పదకొండు నుంచి రెండు గంటల మధ్య. ఏప్రిల్, మే నెలల్లో రామగుండంలోనో, రెంటచింతలలోనో ఆ వేళకు పిల్లల్ని బయటికి తీసుకెళ్లమని ఎవరూ చెప్పరు. వడదెబ్బ ప్రాణం తీస్తుంది. అదే కార్తీకం నుంచి మాఘం దాకా మధ్యాహ్నపు ఎండ ఒంటికి హితంగా ఉంటుంది. పెద్దలు చెట్టు కింద భోజనాలు పెట్టుకున్న కాలం, పగలంతా ఎండలోకీ నీడలోకీ తిరిగిన కాలం సరిగ్గా అదే.

ఇక నడక సంగతి. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు, పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాలు శారీరక శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. పెద్దలు జిమ్‌కూ, పిల్లలు కరాటే క్లాసుకూ, తాతయ్య వరండాలో కుర్చీకీ విడివిడిగా వెళ్లే ఇంట్లో ఈ లెక్క పూర్తికావడం కష్టం. అందరూ కలిసి చెరువు కట్ట మీద నడిస్తే ఒక్క సాయంత్రంలో ముగ్గురి పనీ జరుగుతుంది.

మాట కలిసేది నడకలో

కళ్లూ, ఎముకలూ పిల్లలు ఒంటరిగా ఆడుకున్నా బాగుపడతాయి. పెద్దలు వెంట ఉండాలని పట్టుబట్టడం ఎందుకు?

అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఇద్దరు పరిశోధకులు 27 మంది తల్లులను, 10 నుంచి 12 ఏళ్ల వయసున్న వాళ్ల కూతుళ్లను పిలిచారు. మొదట మెదడు అలసిపోయే పని పెట్టారు. తర్వాత తల్లీకూతుళ్లను 20 నిమిషాలు కలిసి నడవమన్నారు. ఒకరోజు చెట్ల తోటలో, మరోరోజు షాపింగ్ మాల్‌లో. చెట్ల మధ్య నడిచాక తల్లుల ఏకాగ్రత తేరుకుంది. తల్లీకూతుళ్లు ఒకరితో ఒకరు మెలిగే తీరు కూడా మాల్‌లో కన్నా తోటలోనే సఖ్యంగా ఉంది. ఇది చిన్న అధ్యయనం, దీని మీదే పెద్ద భవనం కట్టలేం. కానీ ఇల్లు నడిపేవాళ్లెవరికీ ఇది కొత్త వార్త కాదు. భోజనాల బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చోబెట్టి "బళ్లో ఏం జరిగింది?" అంటే "ఏం లేదు" అనే పిల్లవాడు, పక్కపక్కన నడుస్తున్నప్పుడు అడక్కుండానే చెబుతాడు. నడకలో మొహం వంక చూడక్కర్లేదు. జవాబు వెంటనే ఇవ్వక్కర్లేదు. మధ్యలో ఒక ఉడుత అడ్డం వస్తే మాట దానంతట అదే మారుతుంది, మళ్లీ దానంతట అదే తిరిగి వస్తుంది.

రెండో రుజువు పర్యావరణ విద్యావేత్త లూయీస్ చావ్లా పరిశోధన. పర్యావరణం కోసం జీవితాలు పెట్టిన వాళ్లను నార్వేలోనూ, అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలోనూ ఆమె కలిసి మాట్లాడింది. మొత్తం 56 మంది. "మీరు ఈ దారిలోకి ఎలా వచ్చారు?" అని అడిగింది. 1999లో ఆమె ప్రచురించిన వ్యాసంలో అన్నిటికన్నా ఎక్కువసార్లు వినిపించిన జవాబులు రెండు. ఒకటి, చిన్నతనంలో తిరిగిన చెట్లూ వాగులూ. రెండోది, ఇంట్లోని ఒక పెద్దమనిషి. చాలాసార్లు ఆ పెద్దమనిషి చేసింది పెద్దగా ఏమీ ఉండదు. పిల్లల వెంట నడిచాడు, ఒక చెట్టు దగ్గర ఆగాడు, దాన్ని శ్రద్ధగా చూశాడు. పిల్లలు చెట్టును చూడడం నేర్చుకున్నది ఆ పెద్దమనిషిని చూసి.

ఇలాంటి దృశ్యం తెలుగు పల్లెల్లో ఇప్పటికీ కళ్లబడుతుంది. వానాకాలంలో పాత దిగుడుబావి మీదికి వంగిన ఈతచెట్టు మట్టల చివర గిజిగాడి గూళ్లు వేలాడుతుంటాయి. దూరం నుంచి అన్నీ ఒకేలా కనిపిస్తాయి. వాటి కింద నిలబెట్టి తాత చూపిస్తే తేడా తెలుస్తుంది. పసుపు తలకట్టు ఉన్నది మగపక్షి. గూడు అల్లేది అదే. సగం అల్లిన గూడు శిరస్త్రాణంలా ఉంటుంది, దానికి కింద గొట్టం ఇంకా ఉండదు. ఆడపక్షి వచ్చి ఆ సగం గూడును చూసుకుంటుంది. నచ్చితేనే మగపక్షి మిగతాది పూర్తి చేస్తుంది. నచ్చని గూళ్లు సగంలోనే ఎండిపోయి గోధుమ రంగుకు తిరుగుతాయి. అల్లిక పచ్చగా ఉంటే కొత్తది. ఇవన్నీ పుస్తకంలో చదివితే పరీక్షకు పనికొస్తాయి. తాత వేలు చూపిన దిక్కున తలెత్తి చూసిన పిల్ల మాత్రం ఆ తర్వాత ఏ ఈతచెట్టునూ చూడకుండా దాటదు.

వారానికి ఎంతసేపు గడిపితే చాలు? ఇంగ్లండులో దాదాపు 20 వేల మంది వివరాలు పరిశీలించి 2019లో ప్రచురించిన అధ్యయనం, వారానికి కనీసం 120 నిమిషాలు చెట్టూచేమల మధ్య గడిపేవాళ్లు తమ ఆరోగ్యం బాగుందనీ, మనసు కుదురుగా ఉందనీ ఎక్కువగా చెప్పారని తేల్చింది. ఆ రెండు గంటలు ఒకేసారి గడిపినా, విడతలుగా గడిపినా తేడా కనిపించలేదు. ఏడాదికోసారి అరకు, రెండేళ్లకోసారి ఊటీ వెళ్లే కుటుంబాలు గమనించాల్సిన సంగతి ఇది. ఆ ప్రయాణాలు మంచివే. కానీ లెక్కలోకి వచ్చేది వారం వారం ఇంటి దగ్గర గడిపే రెండు గంటలు.

ఉసిరి నీడన

కార్తీక మాసంలో ఇంటిల్లిపాదీ తోటకు వెళ్లి, ఉసిరిచెట్టు కింద పూజ చేసుకుని, అక్కడే వండుకుని తినే వనభోజనం తెలుగువాళ్లకు తరతరాలుగా ఉన్న ఆచారం. వానలు వెనకబట్టి, చలి ఇంకా ముదరని రోజులవి. ఉసిరికాయలు చేతికొచ్చే కాలం. మూడు రాళ్లు పెట్టి పొయ్యి రాజేయడం, ఏరుకొచ్చిన పుల్లలు తడిగా ఉంటే ఊది ఊది కళ్లు ఎర్రబడడం, విస్తరాకు గాలికి లేవకుండా అంచు మీద చిన్న రాయి పెట్టడం పిల్లలు అక్కడే నేర్చుకునేవాళ్లు. ఉసిరికాయ కొరికి నీళ్లు తాగితే తియ్యగా ఉంటుందని చెప్పేది ఒక మేనత్తో, బాబాయో. ఆ రుచి నాలుక మీదే తెలియాలి.

తెలంగాణలో బతుకమ్మ కూడా ఇంటిల్లిపాదినీ బయటికి నడిపిస్తుంది. ఎంగిలిపూల బతుకమ్మ నుంచి సద్దుల బతుకమ్మ దాకా తొమ్మిది రోజులు తంగేడు, గునుగు, బంతి, చామంతి, గుమ్మడి పూలు కావాలి. తంగేడు, గునుగు కొనుక్కునే పూలు కావు. చెలకల్లో, గట్ల మీద, బీళ్లలో దొరుకుతాయి. తెల్లారకముందే ఇంటి మగవాళ్లు, పిల్లలు సంచులు పట్టుకుని పోతారు. తెచ్చిన గునుగును కట్టలు కట్టి, చివర్లు సమంగా కోసి, రంగుల్లో ముంచుతారు. ఆడవాళ్లు తాంబాలంలో వలయాలు వలయాలుగా పేరుస్తారు. సాయంత్రం అందరూ చెరువు దాకా నడుస్తారు. పూలు తెచ్చేది ఒకరు, పేర్చేది ఒకరు, చూసి నేర్చుకునేది ఒకరు. ఒక్క పండుగలో మూడు తరాలకు పని దొరుకుతుంది. ఇప్పుడు నగరాల్లో ఈ పూలు కూడా మార్కెట్లో కుప్పలుగా అమ్ముతున్నారు. కొనుక్కోవడం తప్పు కాదు. వీలున్న కుటుంబం తొమ్మిది రోజుల్లో ఒక్కనాడైనా ఊరి బయటికి వెళ్లి కోసుకొస్తే, తంగేడు చెట్టు ఎక్కడ పెరుగుతుందో పిల్లలకు తెలుస్తుంది.

రెండేళ్లకోసారి వచ్చే మేడారం సమ్మక్క సారలమ్మ జాతరకు కుటుంబాలు గిన్నెలూ చాపలతో వచ్చి, చెట్ల కింద, గుడారాల కింద మకాం పెట్టి, జంపన్న వాగులో స్నానాలు చేసి వెళతాయి. అమెరికాలోని తెలుగు సంఘాలు, కార్తీకం అక్కడ చలిలో పడుతుంది కాబట్టి, వనభోజనాలను ఎండాకాలానికి మార్చుకుని పార్కుల్లో చేసుకుంటున్నాయి. మాసం మారినా, చెట్టు మారినా, కలవాలన్న కోరిక పోలేదు.

ఈ ఆచారాలను పొగిడి ఊరుకుంటే సరిపోదు. రెండు విషయాలు సూటిగా చెప్పుకోవాలి. మొదటిది, వనానికి వెళ్లినా ఆడవాళ్లు పొయ్యి దగ్గర, మగవాళ్లు పేకాట దగ్గర, పిల్లలు ఫోన్ల దగ్గర ఉంటే ఆ ఇల్లు చోటు మారిందే తప్ప కలిసి గడిపింది లేదు. వంట సులువుగా ఉండాలి. పులిహోర, దద్దోజనం ఇంటి నుంచే తెచ్చుకోవచ్చు, వండేదుంటే అందరూ చెయ్యేయాలి. తల్లి కూడా గంటసేపు చెట్టు కింద నడుం వాల్చగలిగినప్పుడే అది కుటుంబానికి సెలవు. రెండోది, కార్తీకంలో ఆదివారాలు ఇప్పుడు చాలావరకు కుల సంఘాల వనభోజనాలకు పోతున్నాయి. వేదికలు, మైకులు, నాయకుల ప్రసంగాలు పెరిగాయి. పక్కింటి స్నేహితుణ్ణి వదిలి "మనవాళ్ల" సభకు వెళ్లాల్సి వచ్చిన పిల్లవాడికి ఆ చెట్టు కింద విభజనే పాఠమవుతుంది. వాడకట్టు అంతా కలిసి, అపార్టుమెంటంతా కలిసి, ఒక తరగతి పిల్లల తల్లిదండ్రులంతా కలిసి వెళ్లే వనభోజనాలు పెరగాలి.

వెళ్లేవాళ్లున్న చోట్లే మిగిలాయి

వనభోజనానికి వనం కావాలి. అది ఎలా మిగులుతుందో చూపించే ఊళ్లు తెలుగు రాష్ట్రాల్లోనే ఉన్నాయి.

గుంటూరుకు దగ్గర్లోని ఉప్పలపాడులో ఊరి చెరువు మధ్య చెట్ల మీద గూడబాతులు, పెయింటెడ్ స్టార్క్ కొంగలు గూళ్లు పెడతాయి. శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గరి తేలినీలాపురంలో పక్షులు వస్తే ఊరికి మంచి జరుగుతుందని నమ్మకం. ఇళ్ల మధ్య చింతచెట్ల మీద గూళ్లున్నా ఎవరూ వాటిని కదపరు. సూళ్లూరుపేట దగ్గరి నేలపట్టులో రెట్టలు కలిసిన చెరువు నీళ్లు పొలానికి బలమని రైతులకు తెలుసు. ఈ ఊళ్లలో పక్షుల్ని కాపాడింది మొదట బోర్డులూ కంచెలూ కాదు. పక్షుల రాకపోకల్ని ఏటా కలిసి చూసిన పెద్దలూ పిల్లలూ వాటిని కాపాడారు. సైబీరియా నుంచి వస్తాయని ప్రచారం ఉన్నా గూడబాతులూ, పెయింటెడ్ స్టార్కులూ మన ఉపఖండంలోనే నివసించే పక్షులు. ఆ సంగతి పిల్లలకు తెలిస్తే ఆ చెరువు మీద హక్కూ బాధ్యతా ఇంకా పెరుగుతాయి.

హైదరాబాదులో రాళ్ల కథ కూడా ఇలాంటిదే. ఆ నగరం కూర్చున్న గ్రానైటు రాళ్ల వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. భవనాల కోసం వాటిని పేల్చేస్తుంటే, 1996లో 'సొసైటీ టు సేవ్ రాక్స్' ఏర్పడింది. అర్జీలు పెట్టడంతోపాటు వాళ్లు చేసిన గొప్ప పని, కుటుంబాలను రాళ్ల మధ్య నడకకు తీసుకెళ్లడం. ఎక్కి, జారి, నీడన కూర్చుని తిన్న పిల్లలకు ఆ రాయి రియల్ ఎస్టేటు అడ్డంకిగా కనిపించదు. 1980లో మొదలైన, ఇప్పుడు డెక్కన్ బర్డర్స్ అనే పేరున్న పక్షి ప్రేమికుల సంఘం కూడా ఆదివారాలు చెరువుల వెంట తిరుగుతూ, బైనాక్యులర్లు చేతులు మార్చుకుంటూ కొత్తవాళ్లకు చూపు నేర్పుతోంది.

జనం వెళ్లడమే చాలదు, ఎలా వెళతారన్నదీ ముఖ్యమే. మహబూబ్‌నగర్ పిల్లలమర్రిని దాదాపు 700 ఏళ్ల నాటిదిగా అంచనా వేస్తారు. అది మూడెకరాల మేర విస్తరించిన ఊడల మర్రి. చెదలు పట్టి కొమ్మలు విరిగిపడడంతో 2017 చివర్లో సందర్శకులను ఆపేశారు. 2018లో మనుషులకు సెలైన్ ఎక్కించినట్టు సీసాలు కట్టి, చెట్టుకు మందు ఎక్కించారు. కొమ్మలకు ఆసరాగా స్తంభాలు నిలిపారు. ఊడలు పట్టుకుని ఊగకూడదనీ, చెట్టు మొదలు దగ్గర మట్టి తొక్కి గట్టిపరచకూడదనీ, బెరడు మీద పేర్లు చెక్కకూడదనీ పిల్లలకు చెప్పాల్సింది వెంట వచ్చిన పెద్దవాళ్లే.

అడ్డంకులు, అడగాల్సినవి

"తీరిక ఎక్కడిది?" అనే ప్రశ్న న్యాయమైనది. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్లున్నాయి. రెండు షిఫ్టుల్లో పనిచేసే సెక్యూరిటీ గార్డు ఉన్నాడు. ఆదివారం కూడా తరగతులు పెట్టే కాలేజీలున్నాయి. వీళ్లకు హితబోధ చేసి లాభం లేదు. కుటుంబం చేతిలో ఉన్నవీ, ఊరు చేయాల్సినవీ విడదీసి చూడాలి.

కుటుంబం చేయగలిగేవి చిన్నవి. వారంలో రెండు సాయంత్రాలు, ఒక ఆదివారం పొద్దున ఫోన్లు సంచిలో పెట్టి నడవడం. ఎండాకాలం ఏడున్నరలోపే వెళ్లి రావడం, చలికాలం మధ్యాహ్నం భోజనం డాబా మీదో, తోటలోనో పెట్టుకోవడం. అమ్మమ్మను, నానమ్మను వెంట తీసుకెళ్లి ఆమెకు తెలిసిన ఆకుకూరల పేర్లు అడగడం. పొన్నగంటి కూర, గలిజేరు గట్టు మీద గుర్తుపట్టగలిగిన మనిషి ఇంట్లో ఉండి కూడా పిల్లలు ఆ పేర్లు వినకపోతే ఆ విద్య ఆమెతోనే పోతుంది. వయసొచ్చిన ఆడపిల్లను ఇంట్లో ఆపకుండా, అమ్మానాన్నలు తోడు వెళ్లి ఆడనివ్వడం కూడా ఇందులో భాగమే.

ఊరూ ప్రభుత్వమూ చేయాల్సినవి పెద్దవి. పట్టణ ప్రణాళికకు కేంద్ర ప్రభుత్వం 2014లో ఇచ్చిన మార్గదర్శకాలు మనిషికి 10 నుంచి 12 చదరపు మీటర్ల బహిరంగ స్థలం ఉండాలంటున్నాయి. ఏ కౌన్సిలరునైనా, కార్పొరేటరునైనా "మన వార్డులో ఇది ఎంత?" అని అడిగే హక్కు పౌరులకు ఉంది. చెరువు కట్టల మీద గ్రిల్లులూ రంగుల లైట్లూ పెట్టినంత సులువుగా నీడనిచ్చే కానుగ, వేప, రావి నాటవచ్చు. తాగే నీళ్లు, శుభ్రమైన మరుగుదొడ్డి, చక్రాల కుర్చీ ఎక్కగలిగే వాలు, రాత్రి ఎనిమిదింటి దాకా భయం లేకుండా తిరిగే వెలుతురు ఉండాలి. ఇవి లేకపోతే మొదట ఆగిపోయేది ముసలివాళ్లు, గర్భిణులు, వికలాంగులు, ఆడపిల్లలు. టికెట్టు పెట్టిన పార్కు నలుగురున్న కూలి కుటుంబానికి దూరమవుతుంది. తెలంగాణలో ప్రతి పల్లెలో వేసిన ప్రకృతి వనాలకు తాళాలు పడకుండా చూడాలి. బడుల్లో ఆటల పీరియడును లెక్కల మాస్టారుకు ఇచ్చే అలవాటు మానాలి. కంటి రుజువులు చూశాక ఆ 40 నిమిషాలు వృథా అని ఎవరూ అనలేరు.

మొదలుపెట్టడానికి ఒక తేదీ కావాలనుకునే కుటుంబాలకు ఫిబ్రవరి నెల ఉంది. 1998లో అమెరికాలో మొదలై, 2013 నుంచి మన దేశంలోనూ జరుగుతున్న 'గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్' ఆ నెలలో నాలుగు రోజులు సాగుతుంది. ఎక్కడైనా ఒకచోట కనీసం 15 నిమిషాలు ఉండి, కనిపించిన పక్షుల్ని లెక్కపెట్టి, ఈబర్డ్ వెబ్‌సైటులోనో యాప్‌లోనో నమోదు చేయాలి. పట్టా అక్కర్లేదు, పరికరాలు తప్పనిసరి కావు. కాకులు ఎన్ని, గోరింకలు ఎన్ని, పాలపిట్ట కనిపించిందా లేదా అన్నది చాలు. ఒకరు చూడాలి, ఒకరు లెక్కపెట్టాలి, ఒకరు రాయాలి, కాబట్టి ఇంటిల్లిపాదికీ పని ఉంటుంది. ఏటా అదే చెరువు దగ్గర అదే కుటుంబం చేసిన లెక్కలు పదేళ్లకు ఆ చెరువు ఆరోగ్య నివేదిక అవుతాయి. ఆక్రమణ కేసులో ఆ నివేదికను అధికారుల ముందూ, కోర్టు ముందూ పెట్టవచ్చు.